పెట్టె ఆగితే ఇద్దరికీ నష్టమే
సినిమా పంపిణీదారు, హాలు యజమాని తగాదా - తీరే దారి

గాంధీనగర్ (హైదరాబాదు): తెలుగునాట సినిమా వ్యాపారంలో గాంధీనగర్ పేరు రెండు ఊళ్లలో వినబడుతుంది. విజయవాడ గాంధీనగర్ పంపిణీ ఆఫీసులకు పెట్టింది పేరు. హైదరాబాదు గాంధీనగర్‌ను ఆనుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్లు అక్కడే. కొత్త సినిమా మొదటి ఆట అక్కడ ఎలా ఆడిందన్న మాట మధ్యాహ్నానికల్లా జిల్లాలకు పాకుతుంది.

సినిమా కూడా సరుకే. నిర్మాత తయారుచేస్తాడు. పంపిణీదారు టోకు వర్తకుడు. హాలు యజమాని చిల్లర దుకాణదారు. పూర్వం రీళ్ల పెట్టె చేరితేనే ఊళ్లో ఆట. ఈనాడు పెట్టె పోయి డిజిటల్ వచ్చింది గాని టోకు, చిల్లర వర్తకుల మధ్య పేచీ మాత్రం పోలేదు.

పేచీ ఎక్కడ?

సినిమా ఆడించడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి అద్దె: వసూలు ఎంతైనా హాలుకు ఇంత అని ముందే ఖాయం. రెండోది శాతం: వచ్చిన వసూలులో ఇద్దరికీ వాటా.

లెక్కకోసం ఒక హాలు వారం అద్దె లక్ష రూపాయలు అనుకుందాం. మొదటి వారం పన్నులు పోను 5 లక్షలు వచ్చింది. అద్దె పద్ధతిలో హాలుకు దక్కేది లక్షే. రెండో వారం వసూలు లక్షకు పడిపోయింది. అప్పుడు పంపిణీదారు ‘అద్దె ఇవ్వలేను, శాతం తీసుకో’ అంటాడు. నూటికి 40 చొప్పున 40 వేలు వస్తాయి. వెరసి 1 లక్షా 40 వేలు. రెండు వారాలూ అద్దె అయితే 2 లక్షలు, రెండు వారాలూ శాతం అయితే 2 లక్షల 40 వేలు వచ్చేవి. సినిమా ఆడితే అద్దె, ఆడకపోతే శాతమా అన్నదే హాళ్లవారి బాధ. కరెంటు బిల్లు, జీతాలు మాత్రం ఏ వారానికావారం కట్టవలసిందే.

పంపిణీదారు గోడూ తీసివేయదగ్గది కాదు. బొమ్మ తెరమీదికి రాకముందే అతడు నిర్మాతకు సొమ్ము కడతాడు. సినిమా పోతే మొదట మునిగేది అతడే. హాళ్లనుంచి రోజువారీ వసూళ్ల లెక్క సరిగా రాదని, బాకీలు నిలిచిపోతాయని అతని ఫిర్యాదు. తల్లీపిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరంటారు. వ్యాపారంలో అది మరీ నిజం.

మూసివేత దాకా

ఈ రంగంలో హాళ్లు మూతపడటం కొత్త కాదు. డిజిటల్ ప్రదర్శన చార్జీలు ఎక్కువగా ఉన్నాయని 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాల్లో కొన్నాళ్లు ఆటలు ఆగాయి. 2024 మే 17 నుంచి పది రోజులపాటు తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు మూసివేయాలని యజమానులు నిర్ణయించారు. జనం రాక ఖర్చులు కూడా గిట్టుబాటు కావడం లేదన్నది అప్పటి కారణం.

2025 మేలో పేచీ ముదిరింది. శాతం పద్ధతి ఇవ్వకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ప్రదర్శకులు హైదరాబాదులో ప్రకటించారు. పెద్ద సినిమాలు విడుదలకు సిద్ధంగా ఉన్న సమయమది. ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ విచారణకు ఆదేశించారు. చివరకు ఫిలిం ఛాంబరులో మూడు పక్షాలవారూ కూర్చున్నారు. మూసివేత ఉండదని, సమస్యను కమిటీ చూస్తుందని తేల్చారు. గొడవ తీరిందనడం కంటే, మాట్లాడుకునే చోటు దొరికిందనడం సబబు.

బొంబాయిలో కుదిరిన రాజీ

ఇటువంటి తగాదాకు రాజీ కుదిరిన ఉదాహరణ ఉంది. 2009 ఏప్రిల్‌లో హిందీ నిర్మాతలు, పంపిణీదారులు మల్టీప్లెక్సులకు కొత్త సినిమాలు ఇవ్వడం మానేశారు. సుమారు రెండు నెలలు ప్రతిష్టంభన సాగింది. నష్టం రెండు వైపులా పడింది. జూన్‌లో రాజీ కుదిరింది. పంపిణీదారుకు మొదటి వారం నూటికి 50, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. బాగా ఆడిన సినిమాకు మరికొంత ఎక్కువ.

ఇందులో కిటుకు తేలికైనదే. జనం విరగబడే రోజుల్లో సరుకు తెచ్చినవాడికి పెద్ద వాటా. పలచబడే కొద్దీ హాలు నిలబెట్టేవాడికి వాటా పెరుగుతుంది. వారం నడుమ మాట మార్చే పని లేదు. గెలుపు, ఓటమి రెండూ ముందే పంచుకున్నారు.

ఊరి దుకాణానికీ ఇదే సూత్రం

ఈ సంగతి సినిమావారికే కాదు. టౌనులోని ఏజెన్సీతో చెడిన ఎరువుల దుకాణదారుకూ, కిరాణా కొట్టుకూ పనికొచ్చేదే. మొదట పాత లెక్క తేల్చాలి. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఒప్పుకున్న బాకీ ఒకవైపు, పేచీ ఉన్నది మరోవైపు రాసుకోవాలి. ఒప్పుకున్నదాన్ని వాయిదాలమీదనైనా కట్టడం మొదలుపెట్టాలి. తర్వాత కొత్త షరతులు కాగితంమీద పెట్టాలి. గడువు దాటిన సరుకు ఎవరు భరించాలి, అప్పు ఎన్ని రోజులు, ధర మారితే చేతిలో ఉన్న సరుకు సంగతేమిటి అన్నవి అందులో ఉండాలి. అప్పటికీ తెగకపోతే ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ జరిపే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేను రెండంటానన్న పంతంతో సరుకు ఆపినవాడి గోదామూ నిండే ఉంటుంది, తలుపు మూసినవాడి గల్లాపెట్టే ఖాళీగా ఉంటుంది. మూతబడిన హాలు ఒకసారి ఫంక్షన్ హాలో, గోదామో అయ్యాక అక్కడ మళ్లీ తెర లేవడం అరుదు. ఆ తర్వాత ఆ ఊళ్లో బొమ్మ వేయించడానికి పంపిణీదారుకు చోటుండదు, చూడటానికి జనానికీ చోటుండదు.