పడవలో టీవీ: అంగుళాల కంటే ముందు ఆంపియర్లు

ఏరా, దిండి రేవులో ఉన్న నీ చిన్న హౌస్‌బోటులో టీవీ పెట్టిస్తున్నావట! 32 అంగుళాలదా, 43 అంగుళాలదా అని వారం రోజులుగా తేల్చుకోలేకపోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ సంగతి చివర చూద్దాం. ముందు పడవ వెనక్కి వెళ్లి, ఇంజను పక్కనున్న బ్యాటరీ మూత తీసి చూడు. నీకు ఎంత టీవీ కావాలో చెప్పేది అదే.

పెద్ద హౌస్‌బోట్లలో ఏసీల కోసం జెనరేటర్ ఆడుతూనే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ లెక్కలతో పని లేదు. ఇంజనుది కాక నీకున్నది 12 వోల్టుల బ్యాటరీ, 100 ఆంపియర్-అవర్లది. 12ని 100తో హెచ్చవేస్తే 1200 వాట్ అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే తొందరగా చచ్చిపోతుంది కనుక సగమే నీది అనుకో. అంటే 600. ఇక రాత్రి ఖర్చు చూడు. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 8 గంటలు తిరిగితే 450 దాకా పోతాయి. లైట్లకి ఓ 50. మిగిలింది 100. 24 అంగుళాల టీవీ 25 వాట్లు, సెట్ టాప్ బాక్సు 10, చిన్న స్పీకరు 5, అన్నీ కలిపి 40 వాట్లు తింటాయి. సాయంత్రం 4 గంటలు చూస్తే 160 కావాలి. చూశావా, చిన్న టీవీకే 60 తక్కువ పడింది! 43 అంగుళాలదైతే టీవీ ఒక్కటే 70, 80 వాట్లు లాగుతుంది. కాబట్టి రెండో బ్యాటరీ అయినా పెట్టు, పైకప్పు మీద 100 వాట్ల సోలార్ పలక అయినా వెయ్యి. ఎండ బాగా కాసిన రోజున ఆ పలక నీకు సుమారు 400 వాట్ అవర్లు ఇస్తుంది.

ఇంకోమాట. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ జోలికి మాత్రం టీవీని పోనివ్వకు. పాటలు వింటూ దాన్ని ఖాళీ చేసేస్తే తెల్లారి ఇంజను తిరగదు. తెడ్డు పట్టుకోవాల్సింది నువ్వే.

ఇంట్లో ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. అక్కడ 40 వాట్లకి 0.17 ఆంపియర్ల కరెంటు చాలు. పడవలో 12 వోల్టులే కాబట్టి అదే 40 వాట్లకి 3.3 ఆంపియర్లు పారాలి. దాదాపు ఇరవై రెట్లు! కరెంటు పెరిగిన కొద్దీ తీగలో పోయే వోల్టేజీ కూడా పెరుగుతుంది. నీ బ్యాటరీ నుంచి ముందు గదికి 10 మీటర్లు, పోనూ రానూ 20 మీటర్ల తీగ. ఇంట్లో లైట్లకి వేసే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేశావనుకో, దాని నిరోధం 0.34 ఓములు. దాన్ని 3.3తో హెచ్చవేస్తే 1.1 వోల్టులు దారిలోనే హరీ. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నది టీవీ దగ్గరికి వచ్చేసరికి 11. ఇంకాస్త రాత్రయితే టీవీ తనంతట తనే ఆరిపోతుంది, నువ్వు టీవీ కంపెనీని తిడతావు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.3 వోల్టులే.

ఇన్వర్టరు పెట్టి 230 చేసుకోవచ్చు కదా అంటావేమో. చేసుకోవచ్చు. కానీ చిన్న టీవీల వెనక చీటీ ఒకసారి చదువు. చాలావాటికి 12 వోల్టులో, 19 వోల్టులో ఇచ్చే అడాప్టరు ఉంటుంది. 12ని 230కి ఎక్కించి, మళ్లీ దాన్నే 12కి దించడమెందుకు? రెండుచోట్లా కొంత కరెంటు వేడిగా పోతుంది. చీటీ మీద 12 అని ఉంటే నేరుగా 12 ఇచ్చేయి. అయితే బ్యాటరీ ఎప్పుడూ ఖచ్చితంగా 12 దగ్గర నిలబడదురా. ఇంజను నడుస్తూ చార్జింగ్ అవుతున్నప్పుడు 14.4 దాకా ఎక్కుతుంది. టీవీ అంత తట్టుకోకపోతే లోపల పార్టులు కాలిపోతాయి. మధ్యలో ఒక డీసీ-డీసీ కన్వర్టరు పెడితే అటు ఎంతున్నా ఇటు టీవీకి కావాల్సిన 12 గానీ 19 గానీ నిలకడగా ఇస్తుంది. బ్యాటరీ ప్లస్ కొసకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఎక్కడైనా తీగ ఒరుసుకుని షార్ట్ అయితే, చెక్క పడవని కాపాడేది అదే.

కరెంటు కుదిరింది. బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?

డీడీ ఫ్రీ డిష్ పెట్టిస్తానన్నావు. నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు, మంచిదే. ఆ చానళ్లు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. 2015 నవంబరులో పైకెళ్లింది. భూమధ్యరేఖకి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకి కదలనట్టే ఉంటుంది. మీ దిండి నుంచి చూస్తే దక్షిణానికి 36 డిగ్రీలు తూర్పుగా, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. బాగా నడినెత్తి వైపు కాబట్టి గట్టుకి కాస్త ఎడంగా ఉంటే కొబ్బరిచెట్లు అడ్డం రావు.

ఉపగ్రహం కదలదు, నీ పడవ కదులుతుంది. తిప్పలన్నీ అక్కడే. 60 సెంటీమీటర్ల డిష్ గురి 1.5 డిగ్రీలు తప్పితే అందే సిగ్నల్ సగానికి పడిపోతుంది. నీ పడవ వెడల్పు 3 మీటర్లు కదా. ఒక అంచు రెండో అంచు కంటే 8 సెంటీమీటర్లు కిందికి దిగితే చాలు, గురి అంత తప్పినట్టే. ఎవరో చేప ఎగిరిందంటే అందరూ ఒకవైపుకి వచ్చి నిలబడతారు చూడు, సరిగ్గా అప్పుడు బొమ్మ పోతుంది. ఇక పాయలో మలుపు తిరిగితే అసలే ఉండదు. నడిచే పడవ మీద డిష్ తిప్పుకోవడమంటే కుదుపుల బస్సులో సూదికి దారం ఎక్కించడమే. పాతకాలం టీవీలో అయితే సిగ్నల్ తగ్గితే చుక్కలు చుక్కలుగానైనా మనుషులు కనిపించేవారు. ఈ డిజిటల్‌లో అలా కాదు. కాసేపు గళ్లు గళ్లుగా విరిగి, టక్కున ఆగిపోతుంది.

దీనికి విదేశాల్లో పెద్ద నౌకల మీద పెట్టే గుమ్మటం డిష్షులున్నాయి. పడవ ఎటు ఒరిగినా లోపల గైరోలు కనిపెట్టి, మోటార్లతో డిష్‌ని ఉపగ్రహం వైపే నిలబెడతాయి. ధర వింటే నీ పడవే నయమనిపిస్తుంది. నువ్వు చేయాల్సింది తేలిక. డిష్‌ని పడవ మీద కాకుండా రేవులో స్తంభానికి బిగించు. పడవ కట్టేశాక కేబుల్ తగిలించు. వార్తలు, క్రికెట్ అక్కడ చూసుకుంటారు. జోరువాన పడితే అదీ ఆగుతుంది, ఎందుకంటే ఆ తరంగాల పొడవు 2.5 సెంటీమీటర్లే. చినుకులు వాటిని మింగి చెదరగొడతాయి.

పడవ నడుస్తున్నప్పుడు సినిమాలు పెన్‌డ్రైవులోనో, ఎస్‌ఎస్‌డీలోనో ముందే ఎక్కించుకో. లోపల పళ్లెం తిరిగే పాత హార్డ్‌డిస్కు వద్దు. అందులో చదివే ముల్లు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంటుంది, ఇంజను అదురుకి అది ఎప్పుడు గీరుకుంటుందో చెప్పలేం. ఫోను హాట్‌స్పాట్ కోనసీమలో చాలాచోట్ల పనిచేస్తుంది గానీ, హెచ్‌డీ బొమ్మ గంటకి రెండు మూడు జీబీలు తినేస్తుంది. అదే పాపికొండల వైపు వెళ్లే లాంచీ అయితే, కొండల మధ్యకి దూరాక సెల్ టవర్లని నమ్ముకోకూడదు.

ఉప్పు గురించి నీకు చెప్పక్కర్లేదు, అంతర్వేది గాలి పీలుస్తూ పెరిగినవాడివి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చుట్టూ ఉన్న తేమని లాక్కుని తనే కరిగిపోతుంది. వానాకాలంలో మీ అమ్మ ఉప్పు జాడీ చెమర్చేది అందుకే. టీవీ వెనక కన్నాల్లోంచి లోపలికెళ్లిన ఉప్పు తునక కూడా అలాగే కరిగి, రాగి మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. కాబట్టి తగరం పూత వేసిన తీగలు కొను. వాడనప్పుడు టీవీకి తొడుగు వెయ్యి. గోడలోకి దూరే ముందు కేబుల్‌ని కాస్త కిందికి వేలాడనివ్వు, దాని వెంబడి జారిన నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయి.

తెర సంగతి రెండు ముక్కల్లో. కిటికీకి ఎదురుగా పెడితే పగలు నీటి మెరుపు తప్ప ఏమీ కనిపించదు, కిటికీ ఉన్న గోడకే పెట్టు. మంచం మీద పక్కకి కూర్చున్నవాళ్లకీ రంగులు మారకుండా కనిపించాలంటే ఐపీఎస్ ప్యానెల్ అడుగు. స్పీకరు చిన్నది చాలు. సాయంత్రం నీటి మీది గాలి చల్లబడి, పై గాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. నీ పాట అవతలి గట్టు మీద ఇంట్లోవాళ్లకి కూడా వినిపిస్తుంది, వాళ్లు అడగకపోయినా. కాకినాడ మరబోట్లలో అయితే ఇంకో జాగ్రత్త ఉంది. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది కదా, దిక్సూచి పక్కన పెడితే ముల్లు దారి తప్పుతుంది.

ఆయ్, 43 అంగుళాలు వద్దంటావా తాతయ్యా అంటావని తెలుసు. పడుకునే మంచానికీ గోడకీ ఏడడుగులు కూడా లేవు, 24 చాలు. ఆ మిగిలిన డబ్బు రెండో బ్యాటరీకి పెట్టు. అయినా చాలకపోతే అంగుళాలు ఇంకా తగ్గించు గానీ, తీగ లావు తగ్గించకు, ఫ్యూజు మానకు.