మీకు తెలుసా? కృష్ణా డెల్టాలో జపాన్ జాడలు

మీ కంచంలో ఉన్నది సాంబ మసూరి అన్నమైతే, దాని పూర్వీకుల్లో జపాన్ వరి ఉంది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటున్నాం. దాని కన్నవారిలో ఒకటి మసూరి. ఆ మసూరి వంశంలో తైచుంగ్ 65 అనే రకం ఉంది. 1895 నుంచి 1945 దాకా తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉండేది. అక్కడ కాపురం పెట్టిన జపనీయులకు స్థానికుల పొడవు గింజ అన్నం సయించలేదు. తమ దేశపు వరి ఆ వేడికి సరిగా పండలేదు. దాంతో కామెజి, షిన్రికి అనే రెండు జపాన్ రకాలను కలిపి, ఆ నేలకు నప్పే తైచుంగ్ 65ను తీశారు. 1950లలో కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో ఇండికా వరి జాతినీ జపాన్ జాతినీ సంకరం చేసే పెద్ద ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నం ఫలమే మసూరి. 1965లో మలేషియా రైతుల చేతికి వెళ్లి, అక్కడి నుంచి మన పొలాలకు వచ్చింది. మారుటేరులో పుట్టిన స్వర్ణకు కూడా ఒక వైపు మసూరే. సాంబ మసూరిలో జపాన్ వంతు కొద్దిదే. అయినా మూడు పూటలా తింటున్న అన్నం వెనక ఇంత ప్రయాణం ఉందని మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ ఉండాలని నా కోరిక.

1953లో దేశమంతా వరిలో ‘జపాన్ పద్ధతి’ ప్రచారం నడిచింది. ఎత్తు మడుల్లో పలచగా నారు పోయడం, తాడు పట్టి సాలు నాట్లు వేయడం, సాళ్ల మధ్య కలుపు తీయడం, ఎరువు లెక్కగా వేయడం ఆ పద్ధతిలోని పనులు.

అన్నం తినే తీరులో మాత్రం వాళ్లూ మనమూ పూర్తిగా ఎదురెదురు. మన ఇళ్లలో మెతుకు మెతుకు అంటుకుంటే వండినవాళ్లకు మాట తప్పదు. జపాన్‌లో అంటుకోకపోతే అది అన్నమే కాదు, పుల్లలతో ఎత్తుకోవాలి కదా. ఆ పుల్లలను గిన్నెలోని అన్నంలో నిలువుగా గుచ్చి వదిలేయడం అక్కడ పెద్ద తప్పు. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముద్ద అందించడమూ కూడదు. దహనం తర్వాత బంధువులు అస్థికలు ఏరేది అలాగే. పిండం పెట్టే తీరుకూ పంక్తిలో వడ్డించే తీరుకూ తేడా పాటించే మన పెద్దవాళ్లకు ఈ పట్టింపు చెబితే చటుక్కున అర్థమవుతుంది.

ఇక పచ్చడి. జపాన్‌లో ఉమె అనే పుల్లటి పండుంది. జూన్‌లో దాన్ని దించి, ఉప్పు పట్టించి, పైన బరువు పెడతారు. కొద్ది రోజులకు ఊట పైకి వస్తుంది. అందులో ఎర్ర షిసో ఆకు వేస్తే ఊటా పండూ రెండూ ఎర్రబడతాయి. వానలు వెలిసి జూలై చివర్లో ఎండ కాసినప్పుడు పళ్లను వెదురు చాటల్లో పరిచి మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆరబెడతారు. కొందరు మళ్లీ ఊటలోనే వేసి జాడీకి ఎత్తుతారు. మాగాయ పెట్టే ఇల్లాలికి ఇందులో కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఉప్పు, పసుపు కలిపి ముక్కలు ఊరేయడం, మూడో రోజు పిండి ఎండబెట్టడం, ఊటను విడిగా ఎండలో పెట్టి మళ్లీ ముక్కల్ని అందులో కలపడం మన వరసే. కారం, మెంతిపిండి, నూనె, ఇంగువ పోపు మాత్రం వాళ్ల దగ్గర లేవు. తెల్లన్నం మధ్యలో ఈ ఎర్రటి ఉమెబోషి ఒక్కటి పెట్టిన డబ్బా కూడుకు జాతీయ జెండా పేరే పెట్టుకున్నారు. అది హినోమారు బెంటో.

జపాన్ బౌద్ధులు ఎనిమిది శాఖలకు మూలగురువుగా కొలిచేది ఆచార్య నాగార్జునుణ్ని అని మీకు తెలుసా? అక్కడ ఆయన పేరు ర్యూజు. వాళ్ల షింగోన్ శాఖను నిలబెట్టిన కూకై 804లో చైనా వెళ్లి, 806లో మంత్రశాస్త్రం నేర్చుకుని తిరిగి వచ్చాడు. ఆ శాస్త్రం భూమ్మీదికి ఎలా వచ్చిందో చెప్పే కథ ఆ శాఖలో ఉంది. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం ఉండేదట. బుద్ధుని తర్వాత ఎన్నో వందల ఏళ్లు దాని తలుపు ఎవరికీ తెరుచుకోలేదట. ఒక మహానుభావుడు ఏడు రోజులు మంత్రం జపిస్తూ ప్రదక్షిణ చేసి, ఏడు తెల్ల ఆవగింజలు తలుపు మీద విసిరితే అది తెరుచుకుందట. ఆ మహానుభావుడు నాగార్జునుడేనని వాళ్ల నమ్మకం. లోపల వజ్రసత్త్వుడు ఆయనకు ఆ విద్య ఇచ్చాడంటారు. ఆ స్తూపం ధాన్యకటకంలోనిదేనని, అంటే మన అమరావతి మహాచైత్యమేనని చెప్పిన జపాన్ పండితులున్నారు. ఇది పురాణం, శాసనం కాదు. కానీ 816లో కూకై నెలకొల్పిన కోయా కొండ మీది ఆరామాల్లో, దక్షిణ భారతపు స్తూపాన్ని ఒక శాఖకు పుట్టిల్లుగా తలుచుకోవడం చిన్న విషయం కాదు. దిష్టి తీయడానికి ఆవాలు తిప్పే ఇళ్లు మనవి. ఆ ఏడు ఆవగింజల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

మచిలీపట్నానికి డచ్చివాళ్లు 1605లో వచ్చారు. జపాన్ తలుపులు మూసుకున్నాక, 1641 నుంచి నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవిలో ఉండి వ్యాపారం చేసుకోవడానికి ఐరోపావాళ్లలో వాళ్లకొక్కరికే అనుమతి దక్కింది. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు వాళ్ల ఓడల్లో అక్కడికి వెళ్లాయి. జపనీయులు వాటిని సరసా అన్నారు. టీ క్రతువును నిష్ఠగా చేసే గురువులు ఈ గుడ్డతో టీపొడి జాడీలకు చిన్న సంచులు కుట్టించేవారు. అరచేతిలో పట్టే పేలికను కూడా పారేయకుండా దాచుకునేవారు. హికొనె ప్రభువులైన ‘ఈ’ అనే వంశంవారు కూడబెట్టిన 450 ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని అద్దిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, నా బాధ అది. పెడనలో ఇప్పటికీ కరక్కాయ నీళ్లలో గుడ్డ తడుపుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి నలుపు తీస్తారు. టేకు అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క పోటు వేస్తారు. అచ్చు ఒక వెంట్రుక పక్కకు జరిగినా పువ్వు ముక్కలవుతుంది. ఆ పేలికలు చూడ్డానికి టోక్యో వెళ్లేవాళ్లు పెడన కూడా రావాలి.

దసరాలో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని సరస్వతిగా అలంకరిస్తారు. ఆ సరస్వతే జపాన్‌లో బెన్‌జైతెన్, చేతిలో వీణకు బదులు బివా. నదీదేవత కాబట్టి గుళ్లు ఎక్కువగా నీళ్ల పక్కనే. ఎనోషిమా దీవిలో, బివా సరస్సులోని చికుబు దీవిలో, టోక్యోలో ఉయెనో చెరువు మధ్యలో ఆమె గుళ్లున్నాయి. సరస్వతి ఉన్నచోట లక్ష్మి నిలవదంటారు మనవాళ్లు. జపాన్‌లో ఈ ఒక్క తల్లే రెండు పనులూ చూస్తుంది. కామకురాలోని జెనియరాయ్ బెన్‌తెన్ గుడి గుహలో భక్తులు నోట్లనూ నాణేలనూ వెదురు బుట్టలో పెట్టి, ఊట నీళ్లు గరిటెతో పోసి కడుగుతారు. కడిగిన డబ్బు రెట్టింపవుతుందని నమ్మకం.

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లలున్న ఇళ్లలో ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పెడతారు. పై మెట్టు మీద చక్రవర్తి, ఆయన రాణి, కింది మెట్ల మీద పరివారం, వాద్యకారులు. కొండపల్లి బొమ్మలతో కొలువు తీర్చే మనకు ఆ వరస కొత్త కాదు. పండగ అయ్యాక బొమ్మలు వెంటనే తీయకపోతే పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని అక్కడి అమ్మమ్మలు తొందరపెడతారు.

జపాన్ రైలు డ్రైవర్ ప్రతి సిగ్నల్‌నూ వేలితో చూపించి, పైకి చెబుతాడు. పక్కన ఎవరూ లేకపోయినా సరే. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో ఇలా చేస్తే పొరపాట్లు దాదాపు ఆరో వంతుకు పడిపోయాయి. విజయవాడ జంక్షన్ మీదుగా బండి నడిపే మన లోకో పైలట్, ఆయన సహాయకుడు కూడా సిగ్నల్ రంగును ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు.

కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషాలన్నీ మగవాళ్లవే. వేదాంతం సత్యనారాయణ శర్మ తెర మీదుగా జడ ఇవతలికి విసిరితే సత్యభామ వచ్చేసినట్టే. జపాన్ కబుకిలోనూ 1629లో ఆడవాళ్లను రంగస్థలం నుంచి నిషేధించాక స్త్రీ పాత్రలకు మగవాళ్లే తయారయ్యారు. ఒక జీవితకాలం ఆడ నడకకే ఇచ్చినవాళ్లున్నారు. దానికి తిరగేసిన సంప్రదాయం తకరజుకా. 1914 నుంచి ఆ రంగస్థలం మీద అందరూ ఆడవాళ్లే. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన ఆర్ఆర్ఆర్ అక్కడ ఏడాదికి పైగా ఆడి, భారతీయ చిత్రాల్లో అన్నింటికన్నా ఎక్కువ వసూలు చేసింది. 2024 జనవరిలో తకరజుకావాళ్లు దాన్ని నాటకంగా ఎత్తుకున్నారు. అందులో కొమురం భీమ్ వేషమూ, అల్లూరి సీతారామరాజు వేషమూ ఆడవాళ్లే కట్టారు.