సందేహాన్ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలి?

ఒక పని జరుగుతుందన్న నమ్మకం ఏ మేరకు ఉందో చెప్పడానికి ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మాటలు ఆరు: మేబీ, పర్హాప్స్, పాసిబ్లీ, ప్రాబబ్లీ, సర్టెన్లీ, డెఫినిట్లీ. వ్యాకరణంలో ఇవి క్రియా విశేషణాలు. మొదటి మూడూ జరిగితే జరగవచ్చు, లేకపోతే లేదన్నట్టుంటాయి. ప్రాబబ్లీ అంటే జరిగే అవకాశమే ఎక్కువ. చివరి రెండింటిలో సందేహానికి తావు లేదు.

తెలుగువారికి చిక్కు అర్థం దగ్గర కాదు, ఆ మాట ఉండే చోటు దగ్గర. 'బహుశా' ఉన్నా, మన సందేహం ఎక్కువగా వాక్యం చివర క్రియకే అతుక్కుంటుంది: వస్తాడేమో, రావచ్చు, వస్తాడు కాబోలు. ఇంగ్లీషులో అది విడి మాటగా ముందే వచ్చేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2024లో లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. "ఈసారి రికార్డు కొడుతుందేమో" అనాలంటే మేబీని వాక్యం మొదట్లో పెట్టాలి: "మేబీ ఇట్ విల్ సెట్ ఎ రికార్డ్." పర్హాప్స్ కూడా చాలావరకు అక్కడే ఉంటుంది, కాకపోతే కాస్త గంభీరమైన మాట. ప్రాబబ్లీ అయితే విల్ తర్వాత చేరుతుంది: "ఇట్ విల్ ప్రాబబ్లీ సెట్ ఎ రికార్డ్." విల్ లాంటి సహాయక క్రియ లేకపోతే అసలు క్రియకు ముందు: "హి ప్రాబబ్లీ నోస్." ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాత: "షి ఈజ్ డెఫినిట్లీ హియర్."

'కాదు, లేదు' వచ్చినప్పుడు వరస మారుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో విమానం వేళకు బయల్దేరకపోవచ్చని చెప్పాలంటే "ద ఫ్లైట్ ప్రాబబ్లీ వోంట్ లీవ్ ఆన్ టైమ్" అనాలి. ప్రాబబ్లీ ముందు, వోంట్ తర్వాత. పాసిబ్లీ సంగతి మాత్రం వేరు. "ఐ కాంట్ పాసిబ్లీ కమ్" అంటే రాకపోవచ్చని కాదు, రావడం అసలు కుదరదని.

చదువుకున్నవారి రాతల్లోనూ కనిపించే తప్పు మరొకటి ఉంది. మేబీ ఒకే మాట. మే, బి అని విడదీసి రాస్తే అది క్రియ. "హి మే బి ఎట్ హోమ్" అన్నా, "మేబీ హి ఈజ్ ఎట్ హోమ్" అన్నా అర్థం ఒకటే. "మేబీ హి మే కమ్" అంటూ రెండింటినీ కలపనక్కర్లేదు, ఒక్కటి చాలు.

ఆరింటిలో ముందుగా పట్టు సాధించాల్సింది ప్రాబబ్లీ మీదే. దాని చోటు తెలిస్తే సర్టెన్లీ, డెఫినిట్లీ కూడా సాధారణంగా అక్కడే కుదురుతాయి.