గుంజకు కట్టిన పని

పెబ్బేరు పశువుల సంతకు పేరొందిన ఊరు. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోయే జాతీయ రహదారిపై, వనపర్తి జిల్లాలో ఉన్నది. ఆ సంతలో ఎద్దు పలుపును చేతిలో పట్టుకొని నిలిచిన రైతు కదిలితే ఎద్దు కూడా కదులుతుంది. గుంజకు కట్టి వెళితే, అతడు తిరిగి వచ్చే వరకు అక్కడే ఉంటుంది. కంప్యూటరు విద్యలోని ఒక ముఖ్య సూత్రం ఈ చిన్న విషయంలో ఇమిడి ఉన్నది.

పెబ్బేరులో ఉన్న ఒక విద్యార్థి, హైదరాబాదులోని ఒక కంప్యూటరు చేత ఆరు గంటలు పట్టే గణనను చేయిస్తున్నాడనుకుందాం. అయిదవ గంటలో ఇంట్లో కరెంటు పోయి ఇంటర్నెట్ తెగిపోయింది. హైదరాబాదులోని కంప్యూటరు చక్కగానే ఉన్నది. అయినా పని ఆగిపోయింది. ఎందుచేత?

మనం టైపు చేసిన ఆజ్ఞలను అందుకొని అమలు జరిపించే ప్రోగ్రామును 'షెల్' అంటారు. 1989లో బ్రయన్ ఫాక్స్ రూపొందించిన 'బాష్' అటువంటిదే. సంబంధం తెగినట్లు తెలియగానే షెల్‌కు, దాని ద్వారా నడిచే పనులకు 'హ్యాంగప్' అనే సంకేతం అందుతుంది. టెలిఫోను తీగల ద్వారా కంప్యూటర్లను వాడిన కాలంలో, ఫోను పెట్టేయడాన్ని బట్టి వచ్చిన పేరిది. ఆ సంకేతం అందితే చాలా ప్రోగ్రాములు ముగిసిపోతాయి. పలుపు మన చేతిలోనే ఉండిపోవడమే ఇక్కడి లోపం.

దీనికి విరుగుడుగా 1987లో 'స్క్రీన్', 2007లో 'టీమక్స్' అనే ప్రోగ్రాములు వచ్చాయి. ఇవి దూరపు కంప్యూటరులోనే ఉండి పనిని పట్టి ఉంచుతాయి. మన తెర దానికి తాత్కాలికంగా అతుక్కొన్నది మాత్రమే. టీమక్స్‌లో కంట్రోల్, బీ మీటలను కలిపి నొక్కి, వదలి, డీ నొక్కితే తెర విడిపోతుంది. పని సాగుతూనే ఉంటుంది. 'టీమక్స్ అటాచ్' అంటే మళ్ళీ చేరవచ్చు.

ప్రతిసారీ గుర్తుంచుకోవడం కష్టం కనుక ఈ ఏర్పాటును 'బాష్‌ఆర్‌సీ' అనే అమరిక ఫైలులో వ్రాయవచ్చు. దానిని దూరపు కంప్యూటరులోనే వ్రాయాలి. ఎద్దు ఉన్న చోటనే కదా గుంజ పాతాలి! అందులో రెండు పరీక్షలు ఉండాలి. ఎదుట మనిషి ఉండి టైపు చేస్తున్నాడా? టీమక్స్ లోపల ఇప్పటికే లేడు కదా? రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే 'టీమక్స్ న్యూ-సెషన్' ఆజ్ఞ నడవాలి. దానికి పెద్ద ఏ అక్షరపు సూచనను, చిన్న ఎస్ సూచనతో ఒక పేరును జోడిస్తే, ఆ పేరుతో పాత సెషన్ ఉంటే అందులో చేరుస్తుంది. లేకుంటే కొత్తది తెరుస్తుంది. మార్పును మరొక కిటికీలో పరీక్షించే వరకు పాత సంబంధాన్ని మూసివేయరాదు. ఫైలులో తప్పు దొర్లితే సరిదిద్దే దారి అదే.

అయితే దూరపు కంప్యూటరే ఆగి మళ్ళీ మొదలైతే సెషన్ కూడా నశిస్తుంది. గుంజ ఊడిన తరువాత పలుపు ఏమి చేయగలదు? కనుక సుదీర్ఘమైన గణనలు చేసేవారు మధ్య ఫలితాలను ఎప్పటికప్పుడు డిస్కులో భద్రపరచుకోవాలి. తెగే సంబంధాన్ని మనం ఆపలేకపోవచ్చు. దానితోపాటు పని తెగిపోకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉన్నది.