ఆటగాళ్లకు ఒక రాతగాడు కావాలి

1964 మే 27 మధ్యాహ్నం జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూశారు. మర్నాడు దేశంలో ఏ పత్రికకూ వేరే వార్త లేదు, ఉండే వీలూ లేదు. సరిగ్గా ఆయన పోయిన రోజునే ఇజ్రాయెల్‌లో జరుగుతున్న ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీల్లో భారత జట్టు తన మొదటి మ్యాచ్ ఆడి దక్షిణ కొరియాను 2-0 తేడాతో ఓడించింది. ఆట మొదలైన రెండో నిమిషంలోనే తొలి గోలు కొట్టినవాడు అప్పలరాజు. ఆసియా కప్ చరిత్రలో భారతదేశం ఖాతాలో పడిన మొట్టమొదటి గోలు అదే. ఆ పోటీల్లో మనకు దక్కిన రెండో స్థానాన్ని ఇన్ని దశాబ్దాల్లో ఏ భారత జట్టూ దాటలేకపోయింది. అప్పలరాజు కలకత్తా మైదానంలో బి.ఎన్.ఆర్. జట్టుకు, అంటే పశ్చిమ బెంగాల్‌లో మన ఖరగ్‌పూర్‌ను ఊరుగా నిలబెట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు మోసిన జట్టుకు, ఆడిన ఫార్వర్డ్. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లుండే ఏ వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి పిలిచినా ఒకరు పలుకుతారు. అయినా ఆ గోలు సంగతి ఆ వీధుల్లో ఎంతమందికి తెలుసు? రికార్డు పుస్తకంలో పేరూ, నిమిషమూ ఉన్నాయి. ఆ మనిషి ఎలా ఆడేవాడు, బంతి ఎటు నుంచి అందుకునేవాడు, డ్యూటీకీ మైదానానికీ మధ్య రోజు ఎలా గడిపేవాడు అన్న సంగతులు మాత్రం ఎవరైనా పూనుకుని రాస్తేనే మిగులుతాయి.

అలా పూనుకుని రాసినవారిలో భారత ఫుట్‌బాల్‌కు దొరికిన పెద్ద దిక్కు నోవీ కపాడియా. 2021 నవంబరు 18న ఢిల్లీలో ఆయన పోయినప్పుడు క్రీడా పేజీల్లో నాలుగు మాటలు వచ్చాయి, అభిమానులు బాధపడ్డారు, అంతటితో ఆ సంగతి సద్దుమణిగింది. ఆయన్ను తలుచుకోవడానికి ఖరగ్‌పూర్‌కు మిగతా ఊళ్ల కంటే ఎక్కువ కారణం ఉంది. ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద ఉన్న ఖల్సా కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించేవారు. ఫుట్‌బాల్ ఆయనకు జీతమిచ్చే ఉద్యోగం కాదు, జీవితమంతా వదలని పని. మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పారు, పత్రికలకు రాశారు, తొమ్మిది ప్రపంచ కప్‌లను చూసి రాశారు. 2017లో వచ్చిన ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ పుస్తకంలో భారత ఫుట్‌బాల్ నడిచిన దారినంతా ఒకచోటికి తెచ్చారు. చివరికి మోటార్ న్యూరాన్ వ్యాధి ఆయన్ను మంచానికి కట్టేసింది. మన ఆట జ్ఞాపకంలో సగం ఒక మనిషి తలలోనే ఉండిపోయిందని, ఆ మనిషి లేకపోయాక గాని చాలామందికి తెలిసిరాలేదు.

ఆట చరిత్ర రాసేవాడు జరిగినదానికి నకలు తీసి పెడతాడని, పాత రోజులను తలుచుకుని మురిసిపోతాడని మామూలుగా అనుకుంటాం. నా వాదన వేరు. కూలీలు, గుమస్తాలు, ఫిట్టర్లు ఆడిన ఆటల విషయంలో చరిత్రకారుడు లేకపోతే చరిత్రే ఉండదు. డబ్బున్నవాళ్ల ఆటకు ఆ భయం లేదు. గోల్ఫ్‌నే చూడండి. ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కితే రెండున్నర గంటల లోపు చేరే కలకత్తాలో 1829లో పెట్టిన గోల్ఫ్ క్లబ్బు ఉంది. బ్రిటిష్ దీవుల బయట అంత పాత గోల్ఫ్ క్లబ్బు మరొకటి లేదు. అలాంటి క్లబ్బులకు గ్రంథాలయాలుంటాయి, సభ్యుల పట్టికలుంటాయి, గోడల మీద విజేతల పేర్లు చెక్కిన చెక్క పలకలుంటాయి. ఎవరూ కలం పట్టకపోయినా ఎంతో కొంత మిగులుతుంది. అయినా ఆ ఆటకు మహా రాతగాళ్లు దొరికారు. చార్లెస్ డార్విన్ మనవడు బెర్నార్డ్ డార్విన్ 1907 నుంచి 1953 దాకా లండన్ టైమ్స్‌కు గోల్ఫ్ గురించి రాశాడు. 1922లో వాకర్ కప్ పోటీల వార్తలు రాయడానికి అమెరికా వెళ్తే, బ్రిటిష్ కెప్టెన్ జబ్బుపడ్డాడు. కలం పక్కన పెట్టి తానే బరిలోకి దిగి, తన సింగిల్స్ మ్యాచ్ గెలిచి, మళ్లీ కలం పట్టుకున్న మనిషి ఆయన. అమెరికాలో హెర్బర్ట్ వారెన్ విండ్ దశాబ్దాల పాటు అదే దీక్షతో రాశాడు. ఆగస్టా మైదానంలోని ఒక మూలకు 1958లో ఆయన ‘ఏమెన్ కార్నర్’ అని పేరు పెడితే ఇప్పుడు ప్రపంచమంతా ఆ మూలను ఆ పేరుతోనే గుర్తుపడుతోంది. అన్నీ అమరిన ఆటకే అలాంటి రాతగాళ్లు అవసరమైతే, ఏ ఆసరా లేని ఆట మాటేమిటి?

ఖరగ్‌పూర్‌లో ఆట ఎలా పుట్టిందో చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రైలు దారులు ఇక్కడ కలిశాయి, వెంటనే వర్క్‌షాప్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్లు పనికోసం వచ్చి నింపురా, మథురాకాటి, మాలంచ వైపు స్థిరపడ్డారు. ఆంగ్లో ఇండియన్లు, బెంగాలీలు, బీహారీలు, ఒడియాలు పక్కపక్క క్వార్టర్లలో ఉండేవారు. రైల్వే వాళ్లకు ఆట అంటే ఉద్యోగంలో చేరే దారి కూడా. బాగా ఆడినవాణ్ణి సంస్థ పిలిచి పని ఇచ్చేది, అతను సంస్థ రంగులు తొడుక్కుని ఆడేవాడు. ఈ పద్ధతి చిన్నదేమీ కాదు. 1958లో కలకత్తా లీగ్‌ను ఈస్టర్న్ రైల్వే గెలిచింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ కాక మరో జట్టు మళ్లీ ఆ కప్పు ఎత్తడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. 1964లో బొంబాయి రోవర్స్ కప్ బి.ఎన్.ఆర్. గెలుచుకుంది. ఆ దశాబ్దంలోనే రైల్వేస్ జట్టు సంతోష్ ట్రోఫీని మూడుసార్లు ఇంటికి తెచ్చింది. ఇంత చేసినవాళ్ల గురించి ఆఫీసులో ఏం మిగిలి ఉంటుంది? సర్వీసు పుస్తకంలో చేరిన తేదీ, గ్రేడు, ఇంక్రిమెంటు, రిటైరైన తేదీ ఉంటాయి. ఆట అందులో ఒక్క చోటే కనిపిస్తుంది, స్పెషల్ క్యాజువల్ లీవు పేరుతో. రైల్వే దృష్టిలో గోలు కొట్టిన రోజు డ్యూటీకి రాని రోజు. అది తప్పు అనను, ఆఫీసు పని అది. ఆ సెలవు రోజున ఏం జరిగిందో రాయడం వేరే మనిషి పని.

కపాడియా చేసిన పని అదే. భారత ఫుట్‌బాల్ ఎక్కువగా ఆఫీసు జట్ల ఆట, పోలీసుల ఆట, సైనికుల ఆట, రైల్వే ఉద్యోగుల ఆట అని గుర్తించి ఆయన దాన్ని ఆ మనుషుల వైపు నుంచి చెప్పారు. మన హైదరాబాద్ కథ అందుకు మంచి సాక్ష్యం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. మరుసటి ఏడాదే కేన్సర్‌తో పోయారు. ఆయన ఏం గెలిపించారో పట్టికలు చెబుతాయి, ఎలా గెలిపించారో చెప్పవు. వాటం కాని కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారట. బంతిని కాళ్ల దగ్గర ఆడించుకుంటూ పోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలన్న నియమంతో మరో రకం పోటీలు పెట్టేవారట. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాళ్లు, బంతి కంటే జోరుగా ఆలోచించే ఆటగాళ్లు హైదరాబాద్ నుంచే ఎందుకు పుట్టుకొచ్చారో ఈ ఒక్క వివరంతో అర్థమవుతుంది. కపాడియా లాంటివాళ్లు పాత ఆటగాళ్లను కూర్చోబెట్టి అడిగి, మళ్లీ మళ్లీ రాయబట్టే ఇలాంటి సంగతులు మనదాకా వచ్చాయి. రహీం మీద సినిమా 2024లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది. ఆ మధ్యకాలమంతా దీపం ఆరకుండా చూసినవాళ్లు రాతగాళ్లే.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు లేకపోలేదు. గొప్పవాడి పేరు ఎవరూ రాయకపోయినా నిలుస్తుంది కదా, ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేసిన ధోనీని ప్రపంచమంతా ఎరుగదా అంటారు. నిజమే. 2001 నుంచి కొన్నేళ్లు ఇక్కడ టీటీఈగా పనిచేసిన ధోనీకి సినిమా కూడా తోడైంది. కానీ ఆ ఉదాహరణ నా వాదనకే బలం. హాకీ ఆటగాడు లెస్లీ క్లాడియస్ సంగతి చూడండి. ఆయన ఖరగ్‌పూర్‌కు హాకీ కోసం రాలేదు, ఫుట్‌బాల్ ఆడేవాడు. 1946లో బి.ఎన్.ఆర్. హాకీ జట్ల ప్రాక్టీసు మ్యాచ్ చూస్తూ నిలబడితే, 1932 ఒలింపిక్ స్వర్ణ జట్టులో ఆడిన డికీ కార్ పిలిచి, ఒక మనిషి తక్కువయ్యాడు రమ్మని చేతికి కర్ర ఇచ్చాడు. రెండేళ్లకే క్లాడియస్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 1948, 1952, 1956లలో స్వర్ణాలు, 1960లో రజతం. 2012లో లండన్ ఒలింపిక్స్ వేళ అక్కడి మెట్రో స్టేషన్లకు క్రీడాకారుల పేర్లు పెట్టి ప్రత్యేకంగా ఒక పటం వేస్తే అందులో ఆయన పేరూ ఉంది. ఆ ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో కన్నుమూశారు. డికీ కార్ పిలిచిన ఆ క్షణం మనకు తెలియడానికి కారణం నాలుగు పతకాలు. పతకాలు వచ్చాయి కాబట్టి విలేకరులు వెళ్లి అడిగారు. ఆ రోజు అదే మైదానంలో ఆడిన మిగతావాళ్లను ఎవరు అడిగారు? శిఖరం దూరం నుంచి కూడా కనిపిస్తుంది. దాన్ని మోస్తున్న కొండను చూడాలంటే దగ్గరికి వెళ్లాలి. ఆ దగ్గరికి వెళ్లే పనే చరిత్రకారుడిది.

ఇంకో అభ్యంతరం కొంచెం గట్టిది. ఆట చరిత్రకారులు గతాన్ని బంగారంలా చూపిస్తారు, అప్పటి పరాజయాలను దాచిపెడతారు అన్నది. అభిమానం రాతలోకి రాకుండా ఉండదు, కపాడియా రాతలోనూ ఉంది. కానీ బంగారు యుగం గురించిన కట్టుకథలు ఎక్కువగా పుట్టేది నోటి మాటల్లో. వాటిని సరిదిద్దేది చరిత్ర. బూట్లు లేకుండా ఆడనివ్వరని చెప్పి 1950 ప్రపంచ కప్‌కు భారత్ వెళ్లలేదన్న కథ మనందరం విన్నదే. వినడానికి బావుంటుంది, పేదరికమూ ఆత్మగౌరవమూ కలిసొస్తాయి. కాగితాలు తిరగేసి, ఆనాటి ఆటగాళ్లను అడిగి చూసినవాళ్లు వేరే సంగతి చెప్పారు. ఆనాటి పెద్దలకు ఒలింపిక్స్ ముఖ్యంగా కనిపించాయి, ప్రపంచ కప్ విలువ వాళ్లకు అంతగా తెలియలేదు. బూట్ల కథలో తప్పు పరాయివాళ్లది, అసలు కథలో తప్పు మనది. మన తప్పును మనకు చూపించే రాతను పాతకాలపు మురిపెం అనడం న్యాయం కాదు.

ఇప్పుడు ప్రతి ఆటా ఫోన్లలో చేరిపోతోంది, రాతగాడితో పనేముంది అని కుర్రాళ్లు అడుగుతారు. వీడియో బంతి ఎటు వెళ్లిందో చూపిస్తుంది. ఆ బంతి తన్నిన కుర్రాడి తండ్రి ఏ షాపులో పనిచేశాడో, ఆ జట్టుకు కొత్త బూట్లు ఎవరు కొనిచ్చారో, ఉద్యోగం దొరకనివాడు ఆట ఎందుకు మానేశాడో చూపించదు. అవి అడిగి తెలుసుకోవాల్సినవి, అడిగే వ్యవధి చాలా తక్కువ. అరవైల్లో ఆడినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టి, చివరికి బి.ఎన్.ఆర్. తరఫున ఆడి ఆట విరమించిన తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. అడగాల్సినవాడూ అడిగేవాడూ ఏడాదిన్నర లోపే వెళ్లిపోయారు.

కపాడియా మీద నాకున్న ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆయన ఢిల్లీలో ఉండి ఇంగ్లీషులో రాశారు. రోజూ వర్క్‌షాప్ సైరన్‌కు నిద్ర లేచే ఇళ్లలోకి ఆ పుస్తకం చేరడం కష్టం. అది ఆయన లోపం కాదు, ఒక మనిషి దేశమంతటి ఆటనూ అన్ని భాషల్లోనూ రాయలేడు. మిగిలిన పని ఆయా ఊళ్లవాళ్లది, ఆయా భాషలవాళ్లది. ఖరగ్‌పూర్ ప్రాంతంలో తెలుగువాళ్ల సంఖ్యను గుర్తించి 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. దరఖాస్తు ఫారాలు తెలుగులో రావడం మంచిదే. మన ఆటగాళ్ల కథ తెలుగులో రావడం అంతకంటే తక్కువ అవసరమేమీ కాదు.

అందుకే ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు, ఇక్కడ రిటైరై ఉత్తరాంధ్ర ఊళ్లకు తిరిగి వెళ్లినవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో తాతయ్యో పెదనాన్నో రైల్వే జట్టుకు ఆడి ఉంటే, ట్రంకు పెట్టెలో ఉన్న జట్టు ఫొటో బయటికి తీయండి. వరసలో నిలబడినవాళ్ల పేర్లు, ఏడు, మైదానం పేరు వెనకవైపు పెన్సిల్‌తో రాయండి. ఇంకా మాట్లాడగలిగినవాళ్లుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. ఇక్కడి రైల్వే వాళ్ల సెర్సా స్టేడియంలో ఒక గది, ఒక బీరువా ఈ కాగితాల కోసం కేటాయించమని రైల్వే క్రీడా సంఘాన్ని తెలుగు సంఘాలు కలిసి అడగాలి. ఆ బీరువా నిండితే, దాన్ని చదివి రాసేవాడు ఈ ఊరి పిల్లల్లోనే ఒకడు దొరుకుతాడు. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.