సీమసుంకేసుల పుట్టినిల్లు

మే నెలలో దేవేంద్ర నగర్ వీధుల్లో ఒక చెట్టు ఆకు కనపడకుండా ఎర్రగా పూస్తుంది. రాయపూర్‌లో మా ఇరుగుపొరుగు దాన్ని గుల్‌మొహర్ అంటారు. తెలుగువాళ్లకు అది తురాయి. దాని కేసరాలతో కోడిపందేలు ఆడని పిల్లలు అరుదు. దీనికి మన పెద్దలు పెట్టిన మరో పేరుంది: సీమసుంకేసుల. అంటే, పరదేశం నుంచి వచ్చిన సుంకేసుల.

మరి అసలు సుంకేసుల ఏది? మెట్ట పొలాల గట్లపై కనిపించే వాతనారాయణ. దాని ఆకును పచ్చిరొట్టగా పొలంలో వేస్తారు, కీళ్లనొప్పులకు వాడతారు. పూలు తెల్లగా విచ్చుకుని పసుపురంగుకు తిరుగుతాయి. రంగులో పోలికలేదు కాని రెండు పూలనూ విప్పి చూడండి. రేకులన్నీ గోరులాంటి సన్నని కాడలపై విడివిడిగా నిలిచి ఉంటాయి. శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ చేర్చిన ప్రజాతి పేరు డెలోనిక్స్. గ్రీకులో 'స్పష్టమైన గోరు' అని అర్థం. సీమసుంకేసుల అని పిలిచినవారికి ఈ చుట్టరికం ముందే తెలిసిందన్నమాట!

ఈ ప్రజాతిలో ఉన్నవి డజనుకు అటూ ఇటూ జాతులు. దాదాపు అన్నీ మడగాస్కర్ దీవి పశ్చిమ, దక్షిణ భాగాలకు చెందినవే. అక్కడ వాన కురిసేది ఏడాదిలో కొద్ది నెలలే. కొన్ని జాతులు ఉబ్బిన కాండంలో నీరు దాచుకుంటాయి. చాలావాటి పూలు తెలుపు లేదా పసుపు. సాయంత్రం విచ్చుకుని రాత్రి చిమ్మటల కోసం ఎదురుచూస్తాయి. తురాయి ఎండాకాలంలో ఆకు రాల్చి నీరు ఆదా చేస్తుంది. ఏడాది పొడవునా తేమ ఉండేచోట అదే చెట్టు ఆకు రాల్చదు. గింజ పైపెంకు కూడా గట్టిదే. నాటేముందు కాస్త గీరి నానబెట్టకపోతే మొలవడానికి చాలాకాలం పడుతుంది.

వింత ఏమిటంటే, 1820 దశకంలో వెన్సెల్ బోయెర్ మడగాస్కర్‌లో చూసిన తురాయి పెంచిన చెట్టే. 1829లో విలియం హుకర్ దాన్ని వర్ణించాడు. అడవిలో సహజంగా పెరిగే చెట్లు శాస్త్రజ్ఞుల కంటబడింది మాత్రం 1930 దశకంలో, పశ్చిమాన సున్నపురాయి ప్రాంతంలో. అప్పటికే తురాయి అనేక ఉష్ణదేశాల వీధులకెక్కింది! కాబట్టి మన వీధుల్లోని చెట్లు ఎక్కువగా తోటల గింజల సంతానమే అయివుండాలి. జన్యు వైవిధ్యం కోసం వెతకవలసింది ఆ అడవిలోనే. ఆ అడవినేమో పోడు వ్యవసాయానికి, బొగ్గుకు నరుకుతున్నారు. తురాయి ఇన్ని దేశాల్లో ఉంది గనుక పూర్తిగా అంతరించదు. రాత్రిపూట పూసే దాని దాయాదులలో కొన్నింటికి మాత్రం ఆ ఎండు అడవి తప్ప వేరే చోటు లేదు.