ముందు కాగితం, తర్వాత కొత్త సీటు
బయటి కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌ను అక్షరం అక్షరం చదివేవాళ్లు కూడా, ఉన్న కంపెనీలోనే టీమ్ మారేటప్పుడు నోటిమాట చాలనుకుంటారు. నిజానికి జాగ్రత్త ఇక్కడే ఎక్కువ కావాలి. మారిన కొన్నాళ్లకు పాత సీటు నిండిపోతుంది, ఇక బేరమాడే బలం ఉండదు. తేల్చకుండా వదిలేసిన షరతులన్నీ కొత్త పైఅధికారి ఇష్టం మీద నడుస్తాయి. ఏడాది మధ్యలో మారితే అప్రైజల్ రేటింగ్ ఎవరిస్తారు? రాత్రి షిఫ్ట్ అలవెన్స్ ఆగితే చేతికి ఎంతొస్తుంది? గ్రూపులోని మరో కంపెనీ పేరోల్‌కు మారుస్తుంటే ఇంకా జాగ్రత్తపడాలి. సాధారణ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే 5 ఏళ్ల నిరంతర సర్వీసు ఉండాలన్నది 1972 చట్టం నుంచి వస్తున్న నియమం. నాలుగేళ్లు చేసిన మనిషి చేత రాజీనామా చేయించి, పాత సర్వీసు ఊసే లేని కొత్త నియామకపత్రం చేతిలో పెడితే ఆ లెక్క మీద పేచీ రావచ్చు.

ఇన్ని అడిగితే మొండి మనిషి అనుకుంటారన్న భయం సహజమే. కానీ రాసిమ్మనడం కాదనడం కాదు. ‘మీరు చెప్పింది ఇలా అర్థం చేసుకున్నాను: హోదా ఇది, జీతం ఇంత, చేరే తేదీ ఇది. తేడా ఉంటే చెప్పండి’ అని హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెడితే చాలు. కొత్త విభాగమైతే మేనేజరుకే కొన్ని సంగతులు తెలియకపోవచ్చు. అప్పుడు ఏది ఏ తేదీకల్లా తేలుస్తారో, తేలకపోతే పాత పనికి తిరిగి రావచ్చో లేదో అడగాలి. నేర్చుకునేది బాగా ఉందనుకుంటే జీతం పెరగకపోయినా, ఆ సంగతి తెలిసే ఒప్పుకోవచ్చు. తేదీ రాసివ్వడానికి కూడా కంపెనీ వెనకాడితే మాత్రం ఉన్నచోటే ఉండడం మేలు.